మందు మానేసి ఐదు నెలలు, ఇప్పుడు సెలవులు: ఇంటికి వెళ్ళాలా, వద్దా?

నువ్వు "అన్నా" అని రాశావు కాబట్టి తమ్ముడితో మాట్లాడినట్టే రాస్తాను. నువ్వు అడిగింది ఇదీ: మందు మానేసి ఐదు నెలలైంది, డిప్రెషన్‌కి డాక్టర్ రాసిన మాత్రలు వాడుతున్నావు, నిద్ర ఈ మధ్యనే దారికొచ్చింది. ఇప్పుడు పది రోజులు సెలవులు. ఇంటికి అందరూ వస్తున్నారు, రాత్రయితే అన్నయ్యా బావా మేడ మీద సీసా తెరుస్తారు, నువ్వు రాకపోతే అమ్మ బాధపడుతుంది. వెళ్ళాలా వద్దా, వెళితే బావకి ఏం చెప్పాలి, ఆ నాలుగు రోజులు మాత్రలు ఆపితే ఏమవుతుంది, అందరూ సంతోషంగా ఉండే రోజుల్లో నాకొక్కడికే ఎందుకింత దిగులు అని అడిగావు.

నేను మానేసి 16 ఏళ్ళు. అందులో 11 ఏళ్ళుగా డీఅడిక్షన్ సెంటర్లో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. డాక్టర్‌ని కాను, మాత్రల సంగతి వచ్చిన చోట నీ డాక్టర్ మాటే చివరి మాట.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే నేను చెప్పబోయేదంతా దాని చుట్టూనే ఉంటుంది. నేను మానేసిన మొదటి ఏడాది కూడా ఇలాగే ఇంటినిండా చుట్టాలు. అసలు వేడుక రాత్రి నా ముందే నాలుగు సీసాలు ఖాళీ అయ్యాయి, నేను ముట్టుకోలేదు. మర్నాడూ ముట్టుకోలేదు. అందరూ మెచ్చుకున్నారు, నాకూ గట్టెక్కేశాననిపించింది. నాలుగో రోజు సాయంత్రానికి అందరూ వెళ్ళిపోయారు. ఇల్లు ఒక్కసారిగా బోసిపోయింది, మూడు రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు, మధ్యాహ్నం తినలేదు, వారం రోజులుగా ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, మందు మానినవాళ్ళు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగ్‌కి వెళ్ళలేదు, నా స్పాన్సర్‌కి, అంటే ఆ సంఘంలో నాకు తోడుగా నిలిచే పాత సభ్యుడికి, ఫోన్ చెయ్యలేదు. బీరువా వెనక ఎవరో మర్చిపోయిన సగం సీసా కనపడింది. మూత తీశానన్న సంగతి కూడా తీశాకే తెలిసింది.

నేను తెలుసుకున్నదేమిటంటే, పండుగ రోజున చాలామంది నిలబడతారు. ఆ రోజు కళ్ళన్నీ మన మీదే ఉంటాయి, మనమూ పట్టుదలగా ఉంటాం. దెబ్బ తినేది దానికి ముందు వారంలో, దాని తర్వాత నాలుగు రోజుల్లో. నిద్ర, తిండి, మాత్రలు, మీటింగ్, ఫోన్ ఒక్కొక్కటిగా వదులైపోతాయి, మందు చివర్లో వస్తుంది. నా దగ్గరకు వచ్చినవాళ్ళలో జారిపోయినవాళ్ళని "ఎక్కడ మొదలైంది" అని అడిగితే గ్లాసు పట్టుకున్న రాత్రి దగ్గర మొదలుపెడతారు, ఓపిగ్గా వెనక్కి వెళితే కనీసం పది రోజుల ముందు ఎక్కడో దొరుకుతుంది. అందుకే నీ ప్రశ్నలో "ఆ రాత్రి బావకి ఏం చెప్పాలి" అన్నదానికంటే "మాత్రలు నాలుగు రోజులు ఆపితే" అన్న మాట చూసి నాకు ఎక్కువ భయమేసింది.

ఆపొద్దు. మందు తాగే ఉద్దేశం లేకపోతే మాత్రలు ఆపాల్సిన అవసరమే లేదు కదా, మరి ఆ ఆలోచన ఎందుకొచ్చిందో నిన్ను నువ్వే ఒకసారి అడుగు. "ఒకవేళ తాగాల్సి వస్తే" అని మనసులో ఒక మూల తలుపు కొద్దిగా తెరిచి పెట్టుకున్నావేమో. నిన్ను తప్పుపట్టడం లేదు, నేనూ అలా తెరిచి పెట్టుకున్నవాణ్ణే, నా కేసుల్లో సగం మంది ఒప్పుకున్న విషయమిది. డిప్రెషన్ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే కొన్ని రకాలకు రెండు మూడు రోజుల్లోనే తల తిరగడం, చిరాకు, పీడకలలు, ఒంట్లో కరెంటు పాకినట్టు అనిపించడం మొదలవుతాయి. ఇంటినిండా మనుషులున్నప్పుడు, నీకు బాగోలేనప్పుడు, మేడ మీద సీసా తెరిచి ఉన్నప్పుడు ఇవన్నీ ఒకేసారి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకో. కాబట్టి బయలుదేరే ముందే ఎన్ని మాత్రలున్నాయో లెక్కపెట్టు, తిరిగొచ్చాక ఐదు రోజులకు కూడా సరిపోయేలా తీసుకో, చేతిసంచిలో పెట్టుకో. సెలవుల్లో డాక్టర్ దొరకరు, ముందే మాట్లాడు.

మాత్రల గురించే ఇంకొన్ని, నీకు కాకపోయినా చదివేవాళ్ళలో ఎవరికైనా పనికొస్తాయి. మందు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర వాడేవాళ్ళు ఆ పూట మానేసి సాయంత్రం తాగొచ్చు అనుకుంటారు, అది చాలా ప్రమాదం: చివరి మాత్ర వేసుకున్న రెండు వారాల వరకూ మందు పడితే ఒళ్ళు ఎర్రబడి, వాంతులై, గుండె దడ పెరిగి, బీపీ పడిపోవచ్చు. ఆల్కహాల్ ఉన్న దగ్గు టానిక్, మౌత్‌వాష్ కూడా వాళ్ళకు పనికిరావు. ఇంట్లోవాళ్ళు మంచి ఉద్దేశంతోనే అయినా ఈ మాత్రని తెలియకుండా భోజనంలో కలిపి పెట్టడం ప్రాణం మీదకి తెచ్చే పని, దయచేసి ఎవరూ చెయ్యొద్దు. తాగాలన్న కోరిక తగ్గించే నాల్‌ట్రెక్సోన్ వాడేవాళ్ళు సెలవుల్లో ఏ దెబ్బ తగిలి ఆసుపత్రికి వెళ్ళినా ఆ సంగతి మొదటి మాటగా చెప్పాలి, కొన్ని గట్టి నొప్పి మందులు వాళ్ళ మీద పనిచెయ్యవు. నిద్రమాత్ర మీద మందు పడితే ఊపిరి ఆగిపోవచ్చు. బైపోలార్ (కొన్నాళ్ళు పట్టరాని హుషారు, కొన్నాళ్ళు దిగులు వచ్చే జబ్బు) ఉన్నవాళ్ళకి వరసగా రెండు రాత్రులు మేలుకోవడమే మానియాకి, అంటే ఆ పట్టరాని హుషారుకి, దారితియ్యొచ్చు, అక్కడ మందు అవసరం కూడా లేదు. వాళ్ళు రాత్రి పది దాటాక ఏ కబుర్లూ పెట్టుకోకుండా లేచి వెళ్ళిపోవాలి, ఎవరేమనుకున్నా సరే.

ఇక వెళ్ళాలా వద్దా. ఆ ఇంట్లో నిన్ను కొట్టినవాళ్ళో, నిన్ను చిన్నప్పటి నుంచి చులకన చేసినవాళ్ళో ఉంటే, ఆ ఇల్లు తలుచుకోగానే నిద్ర పట్టకపోతే, ఈ ఏడాదికి వెళ్ళొద్దు. దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. నువ్వు రాసినదాన్ని బట్టి నీకు అలాంటిదేమీ లేదు, అమ్మ మీద ప్రేమ ఉంది, అన్నయ్య మీద కోపం లేదు. అలాంటప్పుడు నా సలహా: వెళ్ళు, కానీ పది రోజులు కాదు, రెండు రోజులు. పగలు ఉండు, వంటింట్లో అమ్మ దగ్గర కూర్చో, పిల్లలతో ఆడు. తిరుగు టికెట్ వెళ్ళే టికెట్‌తో పాటే కొను. సొంత బండి ఉంటే అందులోనే వెళ్ళు, ఇంకొకరి కారులో వెళితే వాళ్ళు కదిలేదాకా నువ్వూ కదలలేవు. వీలైతే పడుకోవడానికి దగ్గర్లో ఇంకో స్నేహితుడి ఇల్లో, లాడ్జి గదో చూసుకో. అమ్మకి ముందే చెప్పు: "రెండు రోజులే ఉంటానమ్మా, కానీ ఆ రెండు రోజులూ పూర్తిగా నీ కొడుకుగా ఉంటాను." నాకు తెలిసిన తల్లులెవరూ ఈ మాటకి కాదనలేదు.

బావ సంగతి. ఆ రాత్రి మేడ మీద పదిమంది ముందు చెప్పడం కాదు, ఈ వారమే ఫోన్ చేసి చెప్పు. ఒంటరిగా ఉన్నప్పుడు మనిషి వేరు, చేతిలో గ్లాసుతో నలుగురిలో ఉన్నప్పుడు వేరు. "బావా, నేను మానేశాను, ఐదు నెలలైంది, ఆ రోజు నాకు పొయ్యొద్దు, ఎవరైనా పోస్తానంటే నువ్వే అడ్డుపడు" అని ఒక పని అప్పగించు. బలవంతం చేసే మనిషికి కాపలా బాధ్యత ఇస్తే చాలాసార్లు అతనే అందరికంటే గట్టిగా నిలబడతాడు. ఒప్పుకోకపోతే అదీ మంచిదే, ఆ రాత్రి మేడ ఎక్కకూడదని ముందే తెలిసిపోయింది.

అక్కడ ఎవరైనా అడిగితే కారణాలు చెప్పకు. "లివర్ బాగోలేదు" అంటే "ఒక్కటేగా" అంటారు. "మాత్రలు వాడుతున్నా" అంటే "ఈ పూట మానెయ్" అంటారు. ప్రతి కారణానికీ ఒక ఎదురు మాట ఉంటుంది. "వద్దు, తాగడం లేదు" అన్నదానికి ఎదురు మాట లేదు. రెండుసార్లు అదే మాట అను, మూడోసారి లేచి బయటికి నడువు. చేతిలో ఎప్పుడూ నీళ్ళో, ఇంకేదో ఉన్న గ్లాసు ఉంచుకో, ఖాళీ చెయ్యి చూసినవాడే పోస్తానంటాడు. ఆ గ్లాసు కింద పెట్టి వెళ్ళి వస్తే మళ్ళీ అదే తాగకు, కొత్తది పోసుకో. ఆల్కహాల్ లేని బీరు తాగొచ్చా అని చాలామంది అడుగుతారు. వాటిలో కొన్నింటిలో 0.5 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది, అంతకంటే ముఖ్యం ఆ వాసనా ఆ రుచీ ఆ సీసా పట్టుకున్న తీరూ. ఐదు నెలల వాడికి నేను వద్దనే చెప్తాను.

ఇవన్నీ అక్కడికి వెళ్ళాక ఆలోచిద్దాంలే అనుకోకు. పీటర్ గాల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి ఒకటుంది, చాలా మామూలుగా కనిపిస్తుంది కానీ పనిచేస్తుంది: "ఇలా జరిగితే ఇలా చేస్తాను" అని ముందే ఒక్కో వాక్యంగా రాసుకోవడం. "సీసా తెరిస్తే కిందికి దిగి అమ్మ దగ్గరికి వెళ్తాను." "అన్నయ్య నాన్న ఆస్తి మాట ఎత్తితే బయట నడిచి వస్తాను." "చెయ్యి గ్లాసు వైపు వెళ్తుందనిపిస్తే ఫలానా అతనికి ఫోన్ చేస్తాను." గట్టిగా ఉండాలి అన్న సంకల్పం ఆ నిమిషంలో చెదిరిపోతుంది, ముందే రాసుకున్న వాక్యం కాళ్ళని కదిలిస్తుంది. నాలుగైదు చాలు, ఫోన్లో రాసి పెట్టుకో.

ఐదు నెలలు బాగానే ఉన్నాను కదా, అక్కడికి వెళితే ఎందుకు ఇంత ఆరాటం అని అనిపిస్తుంది నీకు. నువ్వు బలహీనుడివి కాబట్టి కాదు. గంట మోగిన ప్రతిసారీ తిండి దొరికిన కుక్కకి, తర్వాత గంట మోగితేనే నోట్లో నీళ్ళూరినట్టు, నీ మెదడు ఏళ్ళ తరబడి ఆ మేడనీ, ఆ సాయంత్రం వేళనీ, అన్నయ్య నవ్వునీ, మూత తీసిన చప్పుడునీ మందుతో ముడివేసుకుంది. నువ్వు ఇప్పుడు ఉంటున్న చోట ఆ గుర్తులు లేవు, అక్కడ అన్నీ ఒకేసారి ఎదురవుతాయి. కోరిక పుట్టడం తప్పు కాదు, జారిపోవడానికి గుర్తూ కాదు. అది అలలాంటిది. పెరుగుతుంది, ఇక తట్టుకోలేననిపించే ఎత్తుకి వెళ్తుంది, దానికి మందు అందకపోతే మామూలుగా అరగంట లోపే విరిగిపోతుంది. అలన్ మార్లాట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త దీంతో పోరాడొద్దు, అల మీద తేలమన్నాడు. అంటే ఎక్కడైనా కూర్చుని ఆ కోరిక ఒంట్లో ఎక్కడుందో చూడటం: గొంతులోనా, దవడ దగ్గరా, ఛాతీలోనా, అరచేతుల్లోనా. దాన్ని నెట్టెయ్యకుండా, దాని మాట వినకుండా, ఊపిరి మీద ధ్యాస పెట్టి అది మారుతూ ఉండటం గమనించడం. గడియారం చూసుకో, ఇరవై నిమిషాలు. నేను మొదటి ఏడాది దీన్ని బాత్రూమ్‌లో తలుపు వేసుకుని చేసేవాణ్ణి.

రోజుకి నాలుగుసార్లు నిన్ను నువ్వు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆకలేస్తోందా, కోపంగా ఉందా, ఒంటరిగా ఉందా, అలసిపోయానా? మందు మాని కోలుకుంటున్నవాళ్ళు ప్రపంచమంతా ఈ నాలుగూ తమను తాము అడుగుతారు. వీటిలో ఏ రెండు కలిసినా కోరిక పుట్టొచ్చు. ఆకలైతే తిను, అలసిపోతే పడుకో. సగంసార్లు ఇంతకంటే పెద్ద వైద్యం అక్కర్లేదు.

దిగులు సంగతి అడిగావు. పోయినవాళ్ళు ఈ రోజుల్లోనే గుర్తొస్తారు, తాగుడులో పోగొట్టుకున్న ఉద్యోగమో, మనిషో గుర్తొస్తారు, అందరి ఫోటోలూ చూస్తుంటే మన బతుకే ఖాళీగా ఉన్నట్టుంటుంది. పైగా మందు మానిన తర్వాత కొన్ని నెలల పాటు సంతోషం కూడా పల్చగానే అందుతుంది, మెదడు సర్దుకోవడానికి సమయం పడుతుంది. అందుకే నవ్వు రాకపోతే బలవంతంగా నవ్వకు. ఈ రెండు రోజుల్లోనే అందరికీ క్షమాపణలు చెప్పేసి పాత లెక్కలన్నీ తేల్చేయాలని కూడా పెట్టుకోకు, ఆ పని చాలామందిని కుంగదీసింది, దానికి తీరికైన రోజులు వేరే ఉన్నాయి. సెలవుల్లోనే ఆత్మహత్యలు ఎక్కువని జనం అంటుంటారు కదా, అమెరికాలో ఏళ్ళ తరబడి లెక్కలు చూస్తే డిసెంబర్‌లో అవి తక్కువగానే ఉంటాయని తేలింది. దిగులు వస్తే ఏదో జరిగి తీరుతుందని భయపడొద్దని చెప్పడానికే ఇది రాశాను. కానీ చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే అది ఏ నెలయినా సరే, పొద్దున్నదాకా ఆగకు. పక్క గదిలో ఉన్న మనిషిని లేపి ఆ మాట ఆ మాటగానే చెప్పు, ఒక్కడివీ ఉండకు, మీ దగ్గరి హెల్ప్‌లైన్ నంబర్ ఈ రోజే ఫోన్లో పెట్టుకో, అవసరమైతే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళు.

ఫోన్ గురించి ఒక నిజమైన కథ చెప్తాను. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే ఆయన వ్యాపారం పని మీద అమెరికాలో ఆక్రన్ అనే ఊరికి వెళ్ళాడు. పని చెడింది, చేతిలో డబ్బు లేదు, మందు మానేసి ఐదారు నెలలు, అచ్చం నీలాగే. శనివారం, మర్నాడు మదర్స్ డే, అందరూ ఇళ్ళలో ఉండే రోజు. హోటల్ లాబీలో ఒక పక్క బార్ నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి, ఇంకో పక్క ఫోన్ ఉంది. ఆయన ఫోన్ దగ్గరికి వెళ్ళి, ఆ ఊరి చర్చిల నంబర్లకు చేస్తూ, తనలాంటి తాగుబోతు ఇంకొకరు ఎవరైనా ఉంటే మాట్లాడాలి అని అడిగాడు. అలా మర్నాడు డాక్టర్ బాబ్ స్మిత్‌ని కలిశాడు. పావుగంటే ఉంటానన్న ఆ డాక్టర్ గంటల తరబడి కూర్చున్నాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అక్కడ మొదలైంది. నేను కొత్తవాళ్ళకి ఎప్పుడూ చెప్పే భాగం మాత్రం దీని తర్వాతిది: ఆ డాక్టర్ కొన్ని వారాలకే ఒక వైద్యుల సమావేశానికి వేరే ఊరు వెళ్ళి మళ్ళీ తాగాడు. తిరిగొచ్చాక మానేశాడు. ఏఏ తన పుట్టినరోజుగా లెక్కపెట్టేది ఆయన చివరిసారి తాగిన 1935 జూన్ 10ని. జారిపడి లేచిన రోజునే వాళ్ళు మొదటి రోజు అనుకున్నారు.

నువ్వు ఎవరికి ఫోన్ చేస్తావో ముగ్గురి పేర్లు రాసుకో, వాళ్ళకి ముందే చెప్పు, "ఆ రాత్రి పదకొండింటికి చేసినా ఎత్తు" అని. ఏఏ గ్రూపులు సెలవు రోజుల్లో కూడా మీటింగులు పెడతాయి, కొన్నిచోట్ల రోజంతా ఆగకుండా నడుస్తాయి, ఆన్‌లైన్ మీటింగ్ ఏ గదిలో కూర్చున్నా దొరుకుతుంది. నీకు ఏఏ నచ్చకపోతే ఇంకో గ్రూపు, కౌన్సెలర్, లేదా మానేసిన ఒక మనిషి. ఎవరో ఒకరు ఉండాలి.

ఒకవేళ జారితే. ఆ మాట ముందే మాట్లాడుకోవాలి. ఒక గుక్క పడగానే మనసు "ఎలాగూ పోయింది, ఇక ఎంతైతే ఏంటి" అంటుంది. ఐదు నెలలు నాశనమయ్యాయన్న సిగ్గుతోనే మనిషి మిగతా సీసా తాగేస్తాడు. మార్లాట్ ఎక్కువగా హెచ్చరించింది దీని గురించే: మొదటి గ్లాసు కంటే ఆ గ్లాసు గురించి మనకు మనం చెప్పుకునే కథ ఎక్కువ ముంచుతుంది. గ్లాసు కింద పెట్టు, ఆ చోటు వదులు, ఒక్కరికి చెప్పు, ఇరవైనాలుగు గంటల్లో మీటింగ్‌కో, కౌన్సెలర్ దగ్గరికో వెళ్ళు. నేర్చుకున్నదేదీ చెరిగిపోలేదు.

రెండు ప్రమాదాలు మాత్రం గుర్తుంచుకో. మానేసిన శరీరం పాత మోతాదు తట్టుకోలేదు. నల్లమందు జాతి మాదకద్రవ్యాలు మానినవాళ్ళు పాత డోసే తీసుకుని ఊపిరి ఆగి చనిపోతారు, అలాంటివాళ్ళున్న ఇంట్లో ఆ మత్తుని విరిచే నాలాక్సోన్ అనే ఔషధం దొరికే చోటైతే తెచ్చి పెట్టుకోవాలి. రెండోది, వరసగా కొన్ని రోజులు బాగా తాగి ఒక్కసారిగా ఆపడం. చివరి గ్లాసు తర్వాత ఆరు నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల్లో మతి తప్పి, లేనివి కనపడి, ఒళ్ళు కాలిపోయే స్థితి రావచ్చు, అది ప్రాణాలు తీస్తుంది. చెయ్యి వణుకు, చెమటలు మొదలైతే ఇంట్లో దాక్కోకుండా ఆసుపత్రికి వెళ్ళు. "ఒక్క రాత్రేగా" అనేవాళ్ళ కోసం ఇది కూడా: సెలవుల్లో ఒక్కసారిగా ఎక్కువ తాగి గుండె లయ తప్పి వచ్చేవాళ్ళని చూసి డాక్టర్లు 1978లోనే దానికి హాలిడే హార్ట్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు, ముందు ఏ గుండె జబ్బూ లేనివాళ్ళలో కూడా.

నీ భార్య ఇది చదువుతుందని రాశావు. అమ్మా, అతని నోరు వాసన చూడటం, సంచి వెతకడం, పదిమందిలో "ఈయన మానేశారు" అని ప్రకటించడం వద్దు. "వెళ్దామా?" అని అతను ఒక్క మాట అంటే, భోజనం మధ్యలో ఉన్నా సరే, ఎందుకని అడక్కుండా లేచి బయలుదేరండి. ఆ మాట మీరిద్దరూ ముందే అనుకుని ఉండండి. మీకూ ఈ ఐదు నెలలు తేలిగ్గా గడిచి ఉండవు, కుటుంబసభ్యుల కోసం అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి, మీ కోసం మీరు వెళ్ళండి.

ఇక నాలుగో రోజు, అంటే సందడి ముగిసి ఇల్లు బోసిపోయే రోజు; నువ్వు రెండు రోజులకే వచ్చేస్తే అది తిరిగొచ్చిన రోజే. అది నాకు తెలిసిన అత్యంత కష్టమైన రోజు కాబట్టి దానికి ఇప్పుడే ఏర్పాటు చెయ్యి. తిరిగొచ్చిన రోజు సాయంత్రం ఖాళీగా ఉంచుకోకు. బస్సు దిగగానే మీటింగ్, లేకపోతే ఒక స్నేహితుడితో కలిసి భోజనం, ఆ రాత్రి తొందరగా నిద్ర. ఇంట్లో ఎవరైనా వదిలేసిన సీసా ఉంటే నువ్వు తలుపు తీసే ముందే ఇంకొకరు తీసేయాలి. మర్నాడు పొద్దున మాత్ర, నడక, పని. ఆ రోజుకి కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ ఈ వారమే తీసుకో, సెలవుల తర్వాత అందరూ ఒకేసారి అడుగుతారు, దొరకదు.

ఈ రోజు చేయాల్సినవి బావకి ఫోన్, తిరుగు టికెట్, మాత్రల లెక్క. నాలుగో రోజు సాయంత్రం ఎలా ఉందో నాకు రాయి, ఎంత రాత్రయినా చదువుతాను.